ఐదు చుక్కల వెనుక ముప్పై ఏళ్లు
పిల్లల ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలు – శిశువైద్యుని జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని ఎంచుకున్నాను. రాసినవారు వేర్వేరు ఊళ్లవారు, వేర్వేరు పనుల్లో ఉన్నవారు. అయినా అందరి సందేహమూ ఒక్కచోటికే చేరుతోంది: పసిపిల్లల వైద్యంలో వచ్చే కొత్త మందులు, కొత్త పద్ధతులు ఎక్కడ పుడుతున్నాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు, అవి మన ఇంటి బిడ్డ దాకా రావాలంటే ఎవరెవరు కలిసి పనిచేయాలి అన్నదే ఆ సందేహం. మొదటి ఉత్తరానికి మిగతావాటికంటే ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే దాని జవాబులో మన ప్రాంతానికి సంబంధించిన కథ ఉంది, అది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ప్రశ్న: మా పాపకు ఆరు వారాలు నిండాయని టీకాలకు తీసుకువెళ్తే పోలియో చుక్కలతో పాటు ఇంకో రకం చుక్కలు కూడా వేశారు. విరేచనాలు రాకుండా వేస్తున్నామని ఏఎన్‌ఎం గారు చెప్పారు. కానీ మా పెద్దబాబుకు ఇవే చుక్కలు మూడుసార్లు వేయించినా ఏడాది వయసులో విరేచనాలు పట్టుకున్నాయి. అందుకే మా అత్తగారు ఆ చుక్కలు దండగ అంటున్నారు. ఈ మందు ఎవరు తయారు చేశారు? నిజంగా పనిచేస్తుందా? – ఒక తల్లి, పిఠాపురం

జవాబు: అమ్మా, మీ అత్తగారు తన కళ్లతో చూసినదే చెబుతున్నారు కాబట్టి ఆవిడ మాటను తోసిపుచ్చకుండానే జవాబు చెబుతాను. మీ పాపకు వేసినవి రోటావైరస్ టీకా చుక్కలు. పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు చాలా ఉన్నాయి; ఈ టీకా అడ్డుకునేది వాటిలో ఒక్కదాన్నే. షిగెల్లా, ఈ–కోలై, కలరా, నోరోవైరస్ వంటివాటి వల్ల వచ్చే విరేచనాలు ఈ చుక్కలు వేయించినా వస్తాయి. మరి ఒక్క వైరస్ కోసం ఇంత ప్రయాస ఎందుకు అంటే, ఒంట్లోని నీరంతా పోయి, కళ్లు లోపలికి పోయి, బిడ్డ ఆసుపత్రి పాలయ్యేంత తీవ్రమైన విరేచనాలకు పసివయసులో అన్నిటికంటే పెద్ద కారణం అదే. టీకా రాకముందు మన దేశంలో ఏటా సుమారు 78 వేల మంది పిల్లలు ఈ ఒక్క వైరస్ వల్ల చనిపోయేవారని, ఎనిమిది లక్షలకు పైగా పిల్లలు ఆసుపత్రుల్లో చేరేవారని అంచనా. నేను వైద్యంలోకి వచ్చిన తొలినాళ్లలో పిల్లల వార్డులో ఒకే మంచం మీద ఇద్దరేసి, ముగ్గురేసి పిల్లలను పడుకోబెట్టి సెలైన్ ఎక్కించిన రాత్రులు ఉన్నాయి. నరం దొరకని చిన్ని చేతులను పట్టుకుని నర్సమ్మలు కంటతడి పెట్టుకోవడం నేను చూశాను.

ఈ వైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం గుర్తించింది. సూక్ష్మదర్శినిలో బండిచక్రంలా కనబడుతుంది గనుక లాటిన్‌లో చక్రమనే అర్థం వచ్చే ‘రోటా’ అన్న మాటతో దానికి పేరు పెట్టారు. కలరాను శుభ్రమైన నీటితో, మరుగుదొడ్లతో చాలావరకు తరిమికొట్టవచ్చు. రోటావైరస్ అంత తేలిగ్గా లొంగదు. ఎంతో శుభ్రంగా ఉండే ధనిక దేశాల్లో కూడా టీకా రాకముందు ఐదేళ్లలోపు దాదాపు ప్రతి బిడ్డకూ అది ఒక్కసారైనా సోకేది. తేడా అల్లా ఏమిటంటే, అక్కడి బిడ్డ సకాలంలో ఆసుపత్రికి చేరి బతికేది, ఇక్కడి బిడ్డ దారిలోనే చేజారిపోయేది.

ఇక మన టీకా సంగతి. 1985–86లో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన శిశువుల మలంలో రోటావైరస్ కనిపించింది, కానీ ఆ శిశువులకు జబ్బు లక్షణాలేమీ లేవు. మహారాజ్ కిషన్ భాన్ అనే శిశువైద్యుడు, ఆయన సహచరులు ఆ శిశువులను అక్కడితో వదిలిపెట్టకుండా పెరుగుతున్నకొద్దీ గమనిస్తూ వచ్చారు. పుట్టగానే ఆ వైరస్ సోకిన పిల్లలకు తరువాత తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు రావడం చాలా తక్కువని తేలింది. అంటే హాని చేయకుండా రక్షణ మాత్రం ఇచ్చే ఒక రకం వైరస్ ప్రకృతిలోనే సిద్ధంగా ఉందన్నమాట. దానికి 116ఇ అని పేరు పెట్టారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు కూడా దాదాపు అలాంటిదే మరొక రకాన్ని నవజాత శిశువుల్లో గుర్తించారు. తొలి పరీక్షల్లో రెండింటినీ పోల్చి చూసినప్పుడు 116ఇ మెరుగని తేలింది.

నలుగురూ కలిసి చేసిన పని అక్కడి నుంచే మొదలవుతుంది, ఓపిక కూడా అక్కడి నుంచే కావలసి వచ్చింది. ఆసుపత్రిలో ఒక వైరస్ దొరికినంత మాత్రాన అది టీకా అయిపోదు. 1987లో భారత్, అమెరికాల మధ్య టీకాల పరిశోధన కోసం ఒక ఒప్పందం కుదిరింది. దాని నీడన మన బయోటెక్నాలజీ శాఖ, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, తరువాత పాథ్ అనే లాభాపేక్ష లేని సంస్థ, గేట్స్ ఫౌండేషన్ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. తయారీ బాధ్యతను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తీసుకుని, ఒక్కో డోసును ఒక డాలరుకే ప్రభుత్వానికి ఇస్తామని ముందుగానే మాట ఇచ్చింది. నా దృష్టిలో మొత్తం కథలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. టీకా తయారయ్యాక ధర కోసం బేరమాడడం వేరు, పేదింటి బిడ్డకు అందే ధరను మొదటే నిర్ణయించుకుని దానికి తగ్గట్టుగా టీకాను తయారు చేయడం వేరు.

మధ్యలో గట్టి ఎదురుదెబ్బ కూడా తగిలింది. అమెరికాలో వచ్చిన మొదటి రోటావైరస్ టీకా వల్ల కొద్దిమంది పిల్లల్లో పేగులో ఒక భాగం మరో భాగంలోకి చొచ్చుకుపోతున్నదని తెలిసి 1999లో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ తరువాత ఏ కొత్త రోటావైరస్ టీకా అయినా వేలాది మంది పిల్లల్లో పరీక్షించి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మే పరిస్థితి లేకపోయింది. అందుకే మన టీకా చివరి దశ పరీక్షను 2011 నుంచి ఢిల్లీ, పుణె, వేలూరు ప్రాంతాల్లో 6,799 మంది శిశువులతో జరిపారు. వారిలో ఎవరికి విరేచనాలు వచ్చినా వెంటనే ఆసుపత్రికి చేర్చి చికిత్స ఇచ్చే ఏర్పాటు చేశారు. ఫలితాలు 2013 మే నెలలో వెలువడ్డాయి: తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి మొదటి ఏడాదిలో సుమారు 56 శాతం రక్షణ లభించింది. 2014లో లైసెన్సు వచ్చింది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చినప్పుడు తొలిగా ఎంపిక చేసిన నాలుగు రాష్ట్రాల్లో హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశాలతో పాటు మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన ఆమోదిత జాబితాలో చేర్చడంతో ఇతర దేశాల పిల్లలకు కూడా దారి తెరుచుకుంది. ఇప్పుడు పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే మరో రోటావైరస్ టీకాను కూడా ప్రభుత్వ కార్యక్రమంలో వాడుతున్నారు.

56 శాతమేనా అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. ధనిక దేశాల్లో రోటావైరస్ టీకాలు ఇంకా ఎక్కువ రక్షణ ఇస్తాయి. మన పిల్లల పేగుల్లో ఇతర సూక్ష్మజీవుల తాకిడి, పోషకాహార లోపం, తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు వంటి కారణాల వల్ల నోటి ద్వారా ఇచ్చే టీకాల బలం కొంత తగ్గుతుంది. ఈ లెక్కను దాచిపెట్టి నూటికి నూరు పాళ్లు పనిచేస్తుందని తల్లులకు చెప్పడం వల్లనే, మీ అత్తగారిలా అనుభవం ఎదురైన వారికి టీకాల మీదే నమ్మకం పోతోంది. తీవ్రమైన జబ్బుల్లో సగానికి పైగా తగ్గడమంటే, కోట్ల మంది శిశువులు పుట్టే దేశంలో ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఆలోచించండి. మీ బాబుకు వచ్చినది మరో క్రిమి వల్ల కావచ్చు, లేదా రోటావైరస్ వల్లే వచ్చినా టీకా ఉండడం వల్ల స్వల్పంగా పోయి ఉండవచ్చు. పాపకు పదో వారంలో, పద్నాలుగో వారంలో మిగిలిన రెండు డోసులూ తప్పక వేయించండి. చుక్కలు వేసిన తరువాతి వారాల్లో ఎప్పుడైనా పాప ఉండుండి గుక్కపట్టి ఏడ్వడం, ఆగకుండా వాంతులు, రక్తంతో కూడిన జిగట విరేచనం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అది చాలా అరుదు, కానీ తల్లికి తెలిసి ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. మనవడు కిలో ఏడు వందల గ్రాములే ఉన్నాడు. పెద్దాసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టకుండా తల్లి రొమ్ము మీదే కట్టి ఉంచమంటున్నారు. డబ్బున్నవాళ్ల బిడ్డకైతే ఇలాగే చెబుతారా? యంత్రాలు చాలక ఇలా తప్పించుకుంటున్నారేమోనని మా అనుమానం. – ఒక అమ్మమ్మ, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, మీ అనుమానంలో సగం నిజముంది. ఈ పద్ధతి పుట్టింది యంత్రాలు చాలకనే. 1978లో కొలంబియా దేశ రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, ఆ తరువాత హెక్టర్ మార్టినెజ్, ఒక్కో ఇంక్యుబేటరులో ఇద్దరు ముగ్గురు శిశువులను కుక్కి ఉంచడం వల్ల ఒకరి నుంచి ఒకరికి క్రిములు సోకి చనిపోతుంటే చూడలేక, స్థిమితంగా ఉన్న పిల్లలను తల్లుల గుండెల మీదికి చేర్చారు. కంగారూ తన పిల్లను పొట్టసంచిలో మోసినట్లు ఉంటుంది కాబట్టి దాన్ని కంగారూ మాతృ సంరక్షణ అన్నారు.

మిగతా సగం మాత్రం ఇప్పుడు నిజం కాదు. యంత్రాలు లేనిచోట గత్యంతరం లేక మొదలైన ఆ పద్ధతి, యంత్రాలు ఉన్నచోట కూడా మేలని తరువాతి పరిశోధనల్లో తేలింది. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆసుపత్రులు ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి ఒక కిలో నుంచి 1,799 గ్రాముల వరకు బరువున్న 3,211 మంది శిశువులను పరిశీలించాయి. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. కొందరు శిశువులను పుట్టిన వెంటనే తల్లి ఒంటికి చేర్చి, తల్లి మంచాన్ని కూడా నవజాత శిశు విభాగం లోపలికే తెచ్చారు. మిగిలినవారిని అప్పటిదాకా ఉన్న ఆనవాయితీ ప్రకారం స్థిమితపడే వరకు యంత్రంలోనే ఉంచారు. 28 రోజుల్లోపు మరణాలు రెండో వర్గంలో 15.7 శాతం ఉంటే మొదటి వర్గంలో 12 శాతమే ఉన్నాయి. మేలు ఇంత స్పష్టంగా కనిపిస్తుండగా కొందరు బిడ్డలను తల్లికి దూరంగా ఉంచడం న్యాయం కాదని ఆ అధ్యయనాన్ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలనే మార్చుకుంది. కాబట్టి డబ్బున్నవారి బిడ్డకు కూడా ఇదే చెప్పాలి. చెప్పని ఆసుపత్రి ఉంటే వెనుకబడింది అదే.

తల్లి ఒంటి వేడి బిడ్డకు చాలినంత, సమానంగా అందుతుంది. పలువురి చేతులు పడవు కాబట్టి బయటి క్రిములు తక్కువగా సోకుతాయి. పాలు త్వరగా పడతాయి. బిడ్డ ఊపిరి తేడాగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా అందరికంటే ముందు తల్లికే తెలుస్తుంది. రోజుకు కనీసం ఎనిమిది గంటలు, వీలైనంత వరకు అంతకంటే ఎక్కువసేపు ఉంచాలి. ఆ అధ్యయనంలో పిల్లలు సగటున రోజుకు దాదాపు 17 గంటలు తల్లి ఒంటిమీదే ఉన్నారు. ఒక్క బాలింత అంతసేపు ఎలా ఉండగలదు? అక్కడే మీ అవసరం ఉంది. ఆమె స్నానానికో, భోజనానికో లేచినప్పుడు బిడ్డను మీ గుండెల మీద పెట్టుకోండి, అల్లుడుగారినీ పెట్టుకోమనండి. తండ్రి ఒంటి వేడి కూడా బిడ్డకు పనికివస్తుంది. టోపీ, కాలిమేజోళ్లు, లంగోటా మాత్రమే వేసి, నిలువుగా రెండు రొమ్ముల నడుమ చేర్చి, ఊపిరికి అడ్డం రాకుండా తలను ఒక పక్కకు తిప్పి, మెత్తని గుడ్డతో కట్టాలి. చీకే శక్తి వచ్చేదాకా పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టమని నర్సులు చెబుతారు. ఆ విద్య వారికంటే మీకే బాగా తెలిసి ఉంటుంది.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. కాన్పయిన ఇంటికి మూడో రోజు వెళ్తే పురుడు కాబట్టి లోపలికి రావద్దంటారు. కొందరు ఇరవై ఒకటో రోజు బారసాల అయ్యేదాకా బిడ్డను చూపించరు. పట్నం ఆసుపత్రి నుంచి వచ్చిన బిడ్డల కాగితాల్లో ఏం రాశారో నాకు అర్థం కాదు. నేను వెళ్లి చేసేదేమైనా ఉందా అనిపిస్తోంది. – ఒక ఆశా కార్యకర్త, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: అమ్మా, మీరు చేస్తున్న పని ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే ఆ అనుమానం తీరుతుందనుకుంటాను. మహారాష్ట్రలో మన తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు ‘సెర్చ్’ అనే సంస్థను నెలకొల్పారు. 1990ల్లో అక్కడి 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటికి వెళ్లి శిశువును తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, చీము పట్టే జబ్బుల లక్షణాలు గుర్తించడం, అవసరమైతే మందు ఇవ్వడం వరకు నేర్పారు. వాటిని ఆ కార్యక్రమం లేని 47 గ్రామాలతో పోల్చి చూస్తే మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పెద్ద చదువులు లేని స్త్రీలు అంతటి పని చేయగలరని అప్పటిదాకా వైద్యలోకం నమ్మలేదు. ఆ నమూనానే 2011లో దేశమంతటికీ విస్తరించి మీ చేతికి ఇచ్చారు. మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో మీరు వెళ్లే సందర్శనలు ఆ పల్లెల నుంచి వచ్చినవే.

పురుడు విషయంలో వాదనకు దిగవద్దు. కాన్పుకు ముందే, ఎనిమిదో నెలలోనే ఆ ఇంటి పెద్దావిడతో మాట్లాడి, నేను బిడ్డను ముట్టుకోను, గుమ్మం దగ్గర నిలబడతాను, మీరే బిడ్డను నాకు కనబడేలా ఎత్తుకుని చూపించండి అని ఒప్పించుకోండి. ఊపిరి లెక్కపెట్టడానికి ముట్టుకోనక్కర్లేదు. నిమిషానికి అరవై గానీ అంతకుమించి గానీ ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, వేడెక్కినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ముర్రుపాలు పట్టించారా, బొడ్డుకు బూడిద, పసుపు వంటివి రాయకుండా ఆరనిచ్చారా అన్నవి అడిగినా చాలు, ఆ సందర్శన వృథా పోదు.

ఆసుపత్రి కాగితం విషయంలో మాత్రం తప్పు మీది కాదు, మాది. బిడ్డ బరువు, ఇచ్చిన మందులు, మళ్లీ రావలసిన తేదీ, చూసుకోవలసిన ప్రమాద సూచనలు, ఈ నాలుగూ తెలుగులో ఒక్క పేజీలో రాసి ఇవ్వడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మా వార్డులో అలాంటి కాగితం మొదలుపెట్టిన తరువాత తల్లులు చెప్పిన తేదీకి రావడం పెరగడం నేను గమనించాను. మీ ఏఎన్‌ఎం గారి ద్వారా పీహెచ్‌సీ వైద్యాధికారికి ఈ మాట రాతపూర్వకంగా తెలియజేయండి. జిల్లా ఆసుపత్రి శిశు విభాగం నుంచి ఇంటికి వెళ్లే ప్రతి బిడ్డ సమాచారం మీకు చేరాలని అడగడం మీ హక్కు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. నెలలు నిండకుండా పుట్టిన మా పాప నలభై రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడింది. అలాంటి పిల్లల కోసం కృత్రిమ మేధతో జబ్బును ముందే పసిగట్టే యాప్ ఒకటి తయారు చేయాలని నేను, నా స్నేహితులు అనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక తండ్రి, కొండాపూర్

జవాబు: ముందు మీ పాప కళ్ల పరీక్ష జరిగిందో లేదో చెప్పండి. 34 వారాలలోపు పుట్టిన పిల్లలకు, రెండు కిలోలలోపు బరువుతో పుట్టిన పిల్లలకు ముప్పై రోజులు నిండేలోగా కంటి వెనుక పొరను, అంటే రెటీనాను పరీక్షించాలి. పూర్తిగా ఎదగని ఆ రక్తనాళాలు ప్రాణవాయువు హెచ్చుతగ్గుల వల్ల అడ్డదిడ్డంగా పెరిగి పొరను లాగివేస్తే చూపు శాశ్వతంగా పోతుంది. సకాలంలో లేజర్ చికిత్స చేస్తే చాలావరకు కాపాడవచ్చు. 1940లలో, 50లలో అమెరికాలో నెలలు తక్కువ శిశువులకు ప్రాణవాయువును లెక్కలేకుండా ఇవ్వడం వల్ల వేలమంది పిల్లలు అంధులయ్యారు. బిడ్డను బతికించిన చికిత్సే చూపును తీసుకుపోయిన ఆ అనుభవాన్ని శిశువైద్యులెవరూ మరచిపోకూడదు. ఇప్పుడు మన జిల్లాల్లో కూడా చిన్న శిశువులు బతుకుతున్నారు గనుక అదే ప్రమాదం మన ముందుంది. మీ పాపకు ఆ పరీక్ష జరగకపోతే ఈ జవాబు చదవడం ఆపి రేపే తీసుకువెళ్లండి.

మీరు అడిగినదానికి జవాబు కూడా ఈ జబ్బులోనే ఉంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన డాక్టర్ సుభద్ర జలాలి వంటివారు, శిశువులు తమ దగ్గరికి వచ్చేదాకా వేచి ఉండకుండా జంట నగరాల నవజాత శిశు విభాగాలకు తామే వెళ్లి పరీక్షించే పద్ధతిని తెచ్చారు. అయితే ప్రతి జిల్లాకూ వెళ్లడానికి అంతమంది రెటీనా నిపుణులు లేరు. బెంగళూరులోని నారాయణ నేత్రాలయలో డాక్టర్ ఆనంద్ వినేకర్ 2008లో మరో దారి తొక్కారు: శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది కెమెరాతో కర్ణాటక జిల్లాల్లోని ఆసుపత్రులకు వెళ్లి కంటి చిత్రాలు తీస్తారు, నిపుణులు దూరం నుంచి చూసి నిర్ణయం చెబుతారు. విదేశీ కెమెరా ఖరీదు మోయలేనంత ఉండడంతో, బెంగళూరులోనే ఉన్న ఫోరస్ హెల్త్ ఇంజనీర్లు ‘త్రీనేత్ర నియో’ అనే చవకైన కెమెరాను తయారు చేశారు. ఏది ముందు వచ్చిందో గమనించండి. ముందు ఒక వైద్యుడికి ఎదురైన ఇబ్బంది, తరువాత దాన్ని తీర్చే పని పద్ధతి, ఆ తరువాతే పరికరం. మీరు యాప్‌తో మొదలుపెడుతున్నారు, అదే నాకు కొంత ఆందోళన కలిగిస్తోంది.

అందువల్ల కోడ్ ఒక్క వరుస కూడా రాయకముందు, ఒక ప్రభుత్వ నవజాత శిశు విభాగం అనుమతి తీసుకుని కొన్ని రాత్రులు అక్కడ కూర్చోండి. ఒక నర్సు ఎంతమంది శిశువులను చూస్తోందో, ఎన్ని రిజిస్టర్లు నింపుతోందో, ఏ యంత్రం ఎన్నిసార్లు అనవసరంగా మోగుతోందో లెక్కపెట్టండి. మీ యాప్ ఆమె చేత మరో రిజిస్టరు నింపించేదైతే అది నెల తిరక్కుండా మూలన పడుతుంది. ఉన్న రిజిస్టర్లలో ఒక్కదాన్ని తీసివేయగలిగితే ఆమే దాన్ని పదిమందికి చెబుతుంది. కృత్రిమ మేధ నేర్చుకున్న సమాచారం ఎక్కడి శిశువులదో కూడా చూడాలి, ఎందుకంటే విదేశాల్లో మూడు కిలోల బిడ్డల లెక్కల మీద నేర్చుకున్నది మన కిలోన్నర బిడ్డ విషయంలో పొరబడవచ్చు. పిల్లల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి, ఆసుపత్రి నైతిక సంఘం అనుమతి కావాలి. జబ్బును గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు కూడా వర్తిస్తాయి. మీ బృందంలో మొదటి రోజు నుంచే ఒక నర్సును, ఒక శిశువైద్యుణ్ని సలహాదారులుగా కాక భాగస్వాములుగా చేర్చుకోండి. నలభై రోజులు వార్డు బయట కూర్చున్న తండ్రిగా మీకు తెలిసిన సంగతులు ఏ ఇంజనీరుకూ తెలియవు. అవి కూడా కాగితం మీద పెట్టండి.

ప్రశ్న: విరేచనాలైతే ఓఆర్‌ఎస్ అని దుకాణంలో పండ్లరసం డబ్బాలు అమ్ముతున్నారు. పిల్లలు ఇష్టంగా తాగుతున్నారు. పొడి ప్యాకెట్ కంటే అది మేలేనా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మేలు కాదు, హాని. ఓఆర్‌ఎస్‌లో చక్కెర, ఉప్పు కచ్చితమైన పాళ్లలో ఉండాలి, ఎందుకంటే పేగు గోడ గ్లూకోజును పీల్చుకునేటప్పుడే సోడియాన్ని, దానితో నీటిని లోపలికి లాక్కుంటుంది. చక్కెర మోతాదు మించితే నీరు ఎదురుతిరిగి పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి. ఈ సూత్రాన్ని 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ పెద్దయెత్తున వాడి చూపించారు. సెలైన్ సీసాలు అయిపోతే, పొడి కలిపిన నీటిని డ్రమ్ముల్లో ఉంచి, బంధువుల చేతే రోగులకు తాగించారు. మూడోవంతు దాకా ఉన్న కలరా మరణాలు నాలుగు శాతంలోపుకు దిగివచ్చాయి. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

డబ్బా పానీయాల మీద ఆ పేరు వాడకూడదని హైదరాబాద్ శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని ఏ పానీయం మీదా ఓఆర్‌ఎస్ అనే మాట ఉండరాదని ఆదేశించింది. మీ ఊరి దుకాణంలో పాత సరుకు కనిపిస్తే కొనకండి, దుకాణదారుకు కూడా చెప్పండి. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకోండి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగానే దొరుకుతుంది. పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ ఒక గ్లాసులో కలపడం మేము రోజూ చూసే పొరపాటు, అది ప్రమాదం. లీటరు కొలతకు మంచినీళ్ల సీసా వాడుకోవచ్చు. చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తూ, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. దానితో పాటు జింకు మాత్రను, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10 మిల్లీగ్రాముల చొప్పున, విరేచనాలు ఆగినా సరే 14 రోజులూ వేయాలి. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.